లామినేషన్ చేసిన సర్టిఫికెట్‌తో కృష్ణగిరికి

మా అమ్మాయి మానస బడికి పోకుండా ఇంట్లోనే చదువుకుని, ఓపెన్ స్కూల్ ద్వారా పన్నెండో తరగతి పాసయింది. కృష్ణగిరిలో ఒక కాలేజీ బీఎస్సీలో సీటిచ్చి, ఒరిజినల్ సర్టిఫికెట్లతో మంగళవారం ఒంటిగంటలోగా రమ్మంది. రాకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. ఇలాంటి పిల్లలున్నవాళ్లకు పనికొస్తుందని ఆ ఒక్కరోజు ప్రయాణం గురించి రాస్తున్నాను.

ఏడున్నర బస్సెక్కినా సరిపోతుందని మా ఆవిడ సుజాత మొత్తుకుంది గానీ, నాకు కాలు నిలవదు. ఫ్యాక్టరీలో షిఫ్టుకు కూడా అరగంట ముందే పోయే రకాన్ని. ఆరింటికే హోసూరు బస్టాండులో ఉన్నాం. ఆరూ ఇరవైకి కృష్ణగిరి మీదుగా పోయే ధర్మపురి బస్సు దొరికింది. పొద్దున పూట వెళ్లేవాళ్లు కుడివైపు కూర్చోండి, ఎండ తగలదు. సూళగిరి వచ్చేలోపు ఫైలు మూడుసార్లు తెరిచి చూశాను. నాలుగోసారి తెరవబోతే మానస లాక్కుని తన ఒళ్లో పెట్టుకుంది.

సూళగిరిలో కొత్తిమీర మూటతో ఒకామె ఎక్కి మా ముందు సీట్లో కూర్చుంది. కూర్చోగానే వెనక్కి తిరిగి, "యాడికప్పా, పాపను పిల్చుకొని?" అంది.

"కాలేజీలో చేర్పించేదానికమ్మా."

"ఏ ఇస్కూల్లో చదివినాది?"

"ఇంట్లోనే. వాళ్లమ్మ చెప్పినాది."

ఆమె మానసను ఎగాదిగా చూసింది. "ఇంట్లో చదివితే ఒప్పుకొంటారా? మా ఆడబిడ్డ కొడుకు ఇస్కూల్లో చదివినోడే. వాణ్ణే ఆ కాగితం ఈ కాగితమని నాలుగుసార్లు తిప్పినారు."

ఆ మాటతో మళ్లీ ఫైలు వైపు చూశాను. ఆమెకు ఏం చెప్పను? మదనపల్లె నుంచి మేము హోసూరు వచ్చినప్పుడు మానస ఏడో తరగతి. తెలుగు మీడియం పిల్ల. ఇక్కడ బడిలో తమిళం ఒక్క ముక్క అర్థంకాక రెండు నెలలు రోజూ ఏడ్చింది. ఒక్క ఏడాది ఇంట్లో చెబుదామని సుజాత మొదలుపెట్టింది. ఆ ఏడాది ఆరేళ్లయింది. తమిళం మాత్రం వీధిలో పిల్లలతో ఆడుతూ దానంతటదే వచ్చేసింది.

ఏడూ నలభైకి కృష్ణగిరి. మామిడి సీజను కావడంతో రోడ్డు పొడవునా కాయల లారీలు. బస్టాండు దగ్గర హోటల్లో పొంగల్, వడ బాగుంటాయి. మానస రెండూ తింది. నేను టీతో సరిపెట్టుకున్నాను. అక్కణ్ణుంచి షేర్ ఆటోలో కాలేజీకి పావుగంట. ఆఫీసు తెరిచేది పదింటికి. క్యూలో మా వంతు పదకొండుంపావుకు వచ్చింది.

గుమాస్తాకు తెలుగు వచ్చు. సర్టిఫికెట్ తీసి వెనక్కి తిప్పాడు. "ఇదేందప్పా, లామినేషన్ చేయించినావా?"

"చెడిపోకూడదని సార్."

"వెనకపక్క మా సీలు పడాల. ప్లాస్టిక్ మీద ఇంకు యాడ నిలుస్తుంది? కొత్తది తెప్పించుకొని రాండి."

"ఎన్నాళ్లు పడుతుంది సార్?"

"నెలో, ఇంకా ఎక్కువో. నెక్స్ట్!"

నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది. మా ఇంట్లో ఇంటి పత్రం, రేషన్ కార్డు, చివరికి మా పెళ్లి ఫోటో కూడా లామినేషన్ చేసే ఉంటాయి. బడికి పోయిన పిల్లలకు ఐడీ కార్డులు, ప్రోగ్రెస్ రిపోర్టులు, గ్రూప్ ఫోటోలు ఉంటాయి. మా పిల్లకు ఆరేళ్లకూ కలిపి లోకానికి చూపించడానికి ఉన్నది ఈ ఒక్క కాగితమే. అది చేతికొచ్చిన రోజే పరుగెత్తుకెళ్లి, ఉన్నవాటిలో మందమైన ప్లాస్టిక్ వేయించాను.

ఎదురుగా జిరాక్స్ షాపుకు పరుగెత్తాను. అక్కడ ఉన్నామె చూసి చేతులడ్డం పెట్టింది. "నేను ముట్టనప్పా. ఊడబెరికితే అచ్చు కూడా దాంతోనే వచ్చేస్తుంది."

నేను వినే స్థితిలో లేను. గోటితో మూల గీకడం మొదలుపెట్టాను. మానస నా చేతిలోంచి లాగేసుకుంది.

"నువ్వు ఈడనే కూర్చో నాయనా. నేను పోయి మాట్లాడతా."

"నేనూ వస్తా."

"నువ్వు రావద్దు."

అప్పటికి పన్నెండూ పది. ఆగలేక వెనకే వెళ్లి, వరండాలో ఆఫీసు కిటికీలోంచి చూస్తున్నాను. గుమాస్తాతో తమిళంలో ఏదో అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. మళ్లీ ఏదో అంది. ఆయన లేచి ఆమెను ప్రిన్సిపాల్ గదిలోకి తీసుకెళ్లాడు. తలుపు మూసుకుంది. వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి ఎన్నిసార్లు తిరిగానో తెలియదు. ఊడ్చే ఆమె విసుక్కుని, పక్కకు జరగమంది.

ఒంటిగంటకు పది నిమిషాలుండగా మానస బయటికి వచ్చింది.

"వాళ్లకు కావాల్సింది నేను పాసయినానా లేదా అనే కదా. సైట్లో నా నంబరు కొట్టి చూడమన్నా, చూసినారు. ఇంట్లో ఎట్ల చదివినావని మేడమ్ అడిగినారు, చెప్పినా. నెల రోజుల్లో కొత్త సర్టిఫికెట్ తెస్తామని రాసిమ్మన్నారు, రాసినా. నీ సంతకం ఒకటి కావాలంట."

సంతకం పెట్టాను. పేరులో అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో మూడుసార్లు సరిచూశాను. గుమాస్తా నవ్వాడు. "పాప బాగా మాట్లాడతాదప్పా. నువ్వే ఊరికే అదురుతాండావు."

రెండుంపావు బస్సులో తిరిగి బయల్దేరాం. నా వెనక వచ్చేవాళ్లకు ఒక్కటే చెబుతాను: సర్టిఫికెట్‌ను మామూలు ప్లాస్టిక్ కవర్లో పెట్టండి, లామినేషన్ చేయించకండి. కొత్త కాగితం చేతికొచ్చేదాకా మా సీటు తాత్కాలికమే. అందుకే సీటు దొరికినా నాకు కుదురు లేదు. వచ్చే వారం నుంచి నైట్ షిఫ్టుకు మారితే రోజూ ఆమెను దింపి రావచ్చని లెక్కలు వేస్తూ, పైకే అనేశాను.

"వద్దు నాయనా. నేనొక్కదాన్నే పోయొస్తా."

"ఏదన్నా అయితే?"

"ఈరోజు అయింది కదా," అంది.

నాకు దిగులేసింది. పిల్లను బయటికి పంపడానికే ఇంట్లో చదివిస్తున్నామని సుజాత అంటూ ఉండేది. నేను మాత్రం ఈ ఆరేళ్లూ ఆమెను ఇంట్లో ఉంచుకోవడానికే అలవాటు పడ్డాను. హోసూరులో దిగగానే, బస్ పాస్ ఎక్కడిస్తారని మానస కండక్టరును అడిగింది. ఆయన చూపించిన వైపు చరచరా నడిచి కౌంటరు ముందు నిలబడింది. నేను ఆమె వెనక నిలబడ్డాను.