నిమ్మకాయ పిండిన రాయి

మీ గడప ముందు పరిచిన నల్లరాయి మీద ఒక పొద్దున ఎర్రటి చారలు కనిపిస్తే, మీరు ముందు ఎవరిని అనుమానిస్తారు?

గోపాల్‌పేట దగ్గర ఒక ఊళ్లో మా మేనత్త గడప రాయి మీద అలాగే కనిపిస్తే ఎదురింటామెను అనుమానించారు. భర్త పోయిన మనిషి. బొంబాయిలో ఏళ్లకేళ్లు మట్టిపని చేసి ఆ మధ్యే తిరిగొచ్చింది. కబురు తెలిసి నేను వనపర్తి నుంచి వెళ్లేసరికి ఆమె వాకిలి నిండా జనం. మేనత్త కొడుకు చేతిలో పటకారు.

"రాయి నెత్తురు కక్కుతున్నది బావా. బాణామతి గాకపోతే ఏంది? దాని నోట్లె పండ్లు పీకితే మంత్రం పారదు."

"ఆ రాయి మీద ఏమైనా పోశారా?" అన్నాను.

"రాయి పరిచినప్పటి సంది దిష్టి పోవాలని మంగళారం మంగళారం అమ్మ నిమ్మకాయ పిండుతున్నది. పిండినకొద్దీ ఎక్కువైతున్నది."

విషయం అర్థమైంది. వాళ్లకు చెప్పాను. ఇలాంటి నల్లరాయిలో సిలికాన్, ఆక్సిజన్ కలిసి చట్రం కడతాయి. ఆ చట్రంలో మిగిలిన గూళ్లలో ఇనుము ఇముడుతుంది. చాలా గూళ్లలో ఒక్కో ఇనుము పరమాణువు చుట్టూ ఆరు ఆక్సిజన్లుంటాయి. దాదాపు అదే సైజు కాబట్టి పక్క గూట్లో మెగ్నీషియం ఉన్నా రాయికి పట్టింపు లేదు. నిమ్మ పులుపు ఆ ఇనుమును కొంచెం కొంచెంగా బయటికి లాగుతుంది. గాలి తగిలితే అది తుప్పు. దిష్టి తీస్తున్నామనుకుని ఆ చారలు పుట్టిస్తున్నది వీళ్లే.

"ఇనుముకు గూడేంది సారూ, అదేమన్న పావురమా?" అన్నాడొకడు. అందరూ నవ్వారు. కోపం కంటే ఆ నవ్వుకే నాకు ఎక్కువ భయం వేసింది.

"ఇదే రాయి ముక్క పెరట్లో మిగిలింది కదా, దాని మీద రోజూ నిమ్మరసం పోద్దాం. కొన్నాళ్లు ఆగండి, రుజువు చేస్తా" అన్నాను.

తలుపు సందులోంచి ఆమె గొంతు వినిపించింది. "నీ రుజువు వచ్చేదాంక నా నోట్లె పండ్లుంటయా సారూ?"

పోలీసులకు ఫోన్ చేసి, ఆమె గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను. పటకారు నా ముఖానికి జానెడు దూరంలో ఉంది. అప్పుడు మేనత్త జనాన్ని తోసుకుని వచ్చి నా పక్కన చతికిలబడింది.

"నిమ్మకాయలు పిండింది నేను గదరా! ముందుగాల నా పండ్లు పీకు" అంది కొడుకుతో.

వాడి చెయ్యి కిందికి దిగింది. పోలీసులు వచ్చేదాకా మేమిద్దరం కదల్లేదు.

కొన్ని వారాలకు పెరట్లోని ముక్క కూడా ఎర్రబడింది. కొందరు చూసి తలవంచుకున్నారు. మంత్రం దీనికీ పాకిందన్నారు మరికొందరు. ఎదురింటామె మాత్రం పోలీసులు వచ్చిన మర్నాడే మూట కట్టుకుని మళ్లీ బొంబాయికి వెళ్లిపోయింది. నా రుజువు ఆమెకు అందనేలేదు.

రాయి సంగతి నింపాదిగా తేల్చుకోవచ్చు. మీ వాడలో ఎవరినైనా మంత్రగత్తె అంటున్నారని చెవిన పడితే లేవండి. పోలీసులకు చెప్పండి. వాళ్లు వచ్చేదాకా, భయపడుతూనైనా సరే, వెళ్లి ఆమె గుమ్మంలో కూర్చోండి.