పెట్టిన చోట ఉండని బటన్

ప్రోగ్రాములు రాయడానికి వచ్చిన ఆ కొత్త ఫ్రేమ్‌వర్క్ పేరు వింటేనే నాకు ఆవలింతలు వచ్చేవి. నలభై ఏడేళ్ళ వయసులో మళ్ళీ ఓనమాలు దిద్దుకోవడమంటే సరదాగా ఉండదు. బహ్రెయిన్ రాజధాని మనామాలో ఆహార సరుకులు దిగుమతి చేసే కంపెనీ మాది. అక్కడి కౌంటర్లలో నడిచే బిల్లింగ్ ప్రోగ్రామ్ నేను రాసిందే. అది పాతబడిపోయిందనీ, కొత్త ఫ్రేమ్‌వర్క్‌లో తిరిగి రాయాలనీ పైనుంచి మాట వచ్చింది.

మా మేనేజరు బహ్రెయినీ, నెమ్మదస్తుడు. కోప్పడకుండానే చెప్పాడు. వచ్చే నెల నా వీసా రెన్యువల్ ఉంది, ఆలోపు కొత్త బిల్లు స్క్రీన్ చూపించాలి, లేకపోతే ఆ ఫ్రేమ్‌వర్క్ వచ్చినవాణ్ణి తెచ్చుకుంటారు. నేనూ, నా భార్యా, పదో తరగతి చదువుతున్న మా అమ్మాయీ, ముగ్గురం నా వీసా మీదే ఉన్నాం. చదువు మధ్యలో పిల్లను ఎక్కడికి తీసుకెళ్ళాలో ఇద్దరికీ తోచలేదు. ఇంట్లో ఆ మాట ఎత్తడమే మానేశాం.

పాత పద్ధతిలో బటన్‌ను మౌసుతో లాక్కొచ్చి ఎక్కడ వదిలితే అక్కడ పడి ఉండేది. కొత్తదానిలో గడులు, గడుల్లో మళ్ళీ గడులు. అన్నీ అక్షరాల్లో రాసి ఇస్తే, ఏది ఎక్కడ ఉండాలో అదే తేల్చుకుంటుంది. పట్టనిదాన్ని ఎర్రర్ కూడా చూపించకుండా కోసేస్తుంది. తప్పు చేశానని తిట్టినా బాగుండేది. మాట్లాడకుండా మొహం తిప్పుకునేవాళ్ళతో వేగడం నాకు ఎప్పుడూ చేతకాలేదు.

నాతో పనిచేసే కుర్రాడిది నిజామాబాద్. వాడికీ ఇది కొత్తే. ఇద్దరం చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎవరికి వాళ్ళం ఏదో పెద్ద పని చేస్తున్నట్టు కూర్చునేవాళ్ళం. ఒకరోజు వాడి స్క్రీన్ మీదికి తొంగి చూస్తే, నేను చూస్తున్న మొదటి పాఠం వీడియోనే వాడూ చూస్తున్నాడు. "నీకు సమజైతుందా అన్నా?" అన్నాడు. లేదన్నాను. అంత అలసటలోనూ ఇద్దరికీ నవ్వొచ్చింది.

చేయి తిరగడానికి ఏదైనా చిన్న పని చేద్దామనుకున్నాను. ఊళ్ళోనే సల్మానియా ప్రాంతంలో ఒక అద్దె హాల్లో మా తెలుగు క్రైస్తవ సహవాసం, ఇక్కడ సెలవు రోజైన శుక్రవారాల్లో కూడుతుంది. అక్కడ పాటల చరణాలు తెర మీద చూపించే ప్రోగ్రామ్ ఒకటి, ఈ దేశం వచ్చిన కొత్తలో నేను చేసిపెట్టాను. ఒక్క సాయంత్రంలో, ఈల వేసుకుంటూ చేశాను. దాన్నే కొత్తదానిలో తిరిగి రాయడానికి వారమంతా పట్టింది. ఈల సంగతి సరే, పని అయిపోయిందన్న తృప్తి కూడా కలగలేదు. పని రాకపోవడం కన్నా, పని మీద ఇష్టం పోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆ శుక్రవారం హాల్లో దాన్నే పెట్టాను, కుర్రాడు కూడా వచ్చాడు. వాడిది దేవుడి మీద భక్తి కాదు, ప్రార్థన అయ్యాక పెట్టే బిర్యానీ మీద భక్తి. మొదటి చరణం బాగానే వచ్చింది. రెండోదానికి ఆఖరి పంక్తి తెర మీద లేదు. పాడుతున్నవాళ్ళు తడబడి ఆగిపోయారు. అందరూ తల ఎత్తి ఆ ఖాళీ వైపు చూస్తున్నారు. ముందు వరుసలో నా భార్య ఒక్కతే గొంతు తగ్గించుకుని ఆ పంక్తి పూర్తిచేసింది. నాకు చెవులు వేడెక్కాయి.

కుర్రాడు బిర్యానీ పళ్ళెం చేత్తో పట్టుకునే లాప్‌టాప్ ముందు కూర్చుని నేను రాసింది చూశాడు. "అన్నా, గడి ఎత్తు నంబరేసి పెట్టినవ్ గదా. గీ ప్రొజెక్టర్‌ల పట్టలే, గందుకే కోసింది. మన కౌంటర్ల కాడ మానిటర్లు గూడ చిన్నయే గదా?"

ఆఫీసు స్క్రీన్‌లోనూ నేను అలాగే చేశాను. పాత అలవాటు, ప్రతిదానికీ కొలత వేసి కట్టిపడేయడం. ఆదివారమే మేనేజరుకు దాన్ని కౌంటర్‌లో చూపించాలి. అలాగే చూపించి ఉంటే, బిల్లు కింద మొత్తం ఎంతో చెప్పే గడి మాయమయ్యేది. దాంతోపాటు మేమూ. శనివారమంతా ఇద్దరం కూర్చుని కొలతలన్నీ తీసేశాం.

ఆదివారం మేనేజరు కౌంటర్ దగ్గర నిలబడి చూశాడు. బిల్లు కింద మొత్తం ఎంతో కనిపించింది. "ఖలాస్, పని పూర్తయింది, బాగుంది" అన్నాడు. వీసా రెండేళ్ళకు పొడిగించారు. టీ తాగుతూ, వచ్చే ఏడాది దీన్నీ వదిలేసి ఇంకోదానికి మారాలని పైవాళ్ళు అనుకుంటున్నారని కూడా చెప్పాడు. ఇంటికెళ్ళి వీసా సంగతి చెబితే నా భార్య కళ్ళు తుడుచుకుంది. నాకు సంతోషం వస్తుందేమోనని కాసేపు చూశాను. నిద్ర వచ్చింది.

తర్వాతి శుక్రవారం సహవాసంలో పెద్దావిడ ఒకామె, "బాబూ, ఆ పాతదే పెట్టవా, మాకదే అలవాటు" అంది. సరిచేసిన కొత్తది సిద్ధంగానే ఉంది. అయినా పాతది తెరిచాను. చరణం తెర మీదికి తెచ్చే బూడిద రంగు బటన్, అప్పుడు నేను వదిలిన చోటే ఉంది. దాని మీద మౌసు పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. పాట మొదలైంది, తెర ఖాళీగానే ఉంది. ముందు వరుసలోంచి నా భార్య వెనక్కి తిరిగి చూసింది. అప్పుడు నొక్కాను.