యాదగిరి మామ కొరడా

పోయిన వారం మా గల్లీలో ఎవరింట్లోనో పెళ్ళికి టెంటు వేశారు. తెల్లవారుజామున వాన పడి వెలిసింది. టెంటు హౌసు మనుషులు తడిసిన మోకును ఆటో ట్రాలీ మీది నుంచి సిమెంటు రోడ్డు మీదికి విసిరితే అది ఛెళ్ళుమంది. వంటింట్లో చాయ వడపోస్తున్న నా చెయ్యి ఆగిపోయింది. ఏమైందని మనవరాలు అడిగితే ఏమీ కాలేదన్నాను. జల్‌పల్లిలో ఇల్లు కట్టుకుని ఇన్నేళ్ళయినా, తడి తాడు నేలను కొట్టిన చప్పుడు వింటే మాత్రం నేను శాలిబండలోనే ఉంటాను. మా గడప ముందు యాదగిరి మామ ఒళ్ళంతా పసుపుతో నిలబడి ఉంటాడు. మీలో ఎవరూ ఆయన్ని చూసి ఉండరు. చూసి ఉంటే నేనింత రాయాల్సిన పని లేదు.

నేను డెబ్బైల మొదట్లో పెళ్ళయి, భువనగిరి దగ్గరి పల్లె నుంచి హైదరాబాదు పాతబస్తీలోని శాలిబండకు వచ్చాను. అత్త, నా భర్త, నేను. మా రెండు గదులకూ యాదగిరి మామ గదికీ కలిపి ఒకటే వాకిలి, ఒకటే నల్లా. ఆయన మాకు చుట్టమేమీ కాదు. మా అత్తను అక్కా అని పిలిచేవాడు కాబట్టి నాకు మామ అయ్యాడు. కరెంటాఫీసులో లైన్‌మన్. భార్య చాలా ముందే పోయింది, పిల్లలు లేరు. ఏడాదిలో పదకొండు నెలలు ఆయన ఇంట్లో ఉన్నాడో లేడో కూడా తెలిసేది కాదు. అంత మెత్తని మనిషి. నల్లా దగ్గర ఆడవాళ్ళ లొల్లి మొదలైతే తన బిందె అక్కడే వదిలేసి లోపలికి పోయేవాడు. కరెంటు స్తంభం మీద భయం లేదు గానీ నల్లా దగ్గర భయమా అని మా అత్త ఏడిపించేది. కరెంటుకైతే స్విచ్చుంటది గదక్కా అనేవాడు.

ఆషాఢం వచ్చిందంటే ఆ మనిషే పోతరాజు. అమ్మవారి తమ్ముడు. బోనాల నాడు ఒళ్ళంతా పసుపు పూసుకుని, నడుముకు వేపమండలు, కాళ్ళకు గజ్జెలు కట్టుకుని, డప్పుల ముందు కొరడా తిప్పుతూ వచ్చేవాడు. ఆ కొరడాను పాతబస్తీలో ఈరగోల అంటారు. మణికట్టంత లావుగా పేనిన తాడు అది. దాన్ని ఆయన తనే పేనుకుని పసుపు నీళ్ళలో నానబెట్టేవాడు. మా వాకిలంతా ఆ వాసనే. ఆ కొరడా దెబ్బ తగిలితే పీడ పోతుందని జనం నమ్మకం. పెద్ద పెద్ద మనుషులు కూడా చెయ్యి చాపి మణికట్టు మీద కొట్టించుకుని కళ్ళకద్దుకునేవారు.

మొదటి ఏడు నేను భయపడి తలుపు వెనకాల నిలబడ్డాను. నాకు తెలిసిన దెబ్బలు వేరు. మా ఊరి బడిలో పిల్లల్ని దూలానికి వేలాడదీసి బెత్తంతో కొట్టేవారు. కోదండం అనేవారు దాన్ని. మా నాన్న కోదండం ఎక్కినవాడే, పైగా ఆ సంగతి ఇంటికొచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకునేవాడు. తప్పు చేసినవాణ్ణి కొడతారు, అంతే నాకు తెలిసింది. అడిగి మరీ కొట్టించుకునే మనుషుల్ని నేను హైదరాబాదులోనే చూశాను.

ఇంకొక రకం కూడా చూశాను. పీర్ల పండుగకు పెద్ద ఊరేగింపు పోయే రోడ్డు పక్కన యాదగిరి మామ కుండలో చల్లటి నీళ్ళు పెట్టుకుని నిలబడేవాడు. ఆయన పాత అలవాటు అది. ఒక ఏడు అత్త, నేను కూడా పోయాం. నల్లబట్టల మనుషులు గుండెలు బాదుకుంటూ పోతున్నారు. కొందరు గొలుసులకు కట్టిన చిన్న కత్తులతో వీపుల మీద కొట్టుకుంటున్నారు, చొక్కాలు నెత్తురుతో తడిసిపోయాయి. వీళ్ళేం తప్పు చేశారు మామా అని అడిగాను. ఆయన నీళ్ళ చెంబు ఎవరికో అందించి నా వైపు తిరిగాడు.

"తప్పుకు గాదు బిడ్డా. ఎన్నడో వోయినోళ్ళ కోసం. ఆ దుఃఖం ఇంకా పచ్చిగున్నది వాళ్ళకు."

నాకప్పుడు అది అంతగా పట్టలేదు. దుఃఖమంటే ఏమిటో తెలియని వయసు.

ఆ మరుసటి చలికాలం నాకు ఆడపిల్ల పుట్టింది. పురుడు తీరకముందే పోయింది. జ్వరమన్నారు, తెల్లారేసరికి లేదు. పేరు పెట్టే రోజు దాకా బతకని బిడ్డ గురించి మా ఇళ్ళలో మాట్లాడరు. మాట్లాడితే మళ్ళీ పుట్టే బిడ్డకు మంచిది కాదంటారు. ఉయ్యాల విప్పేశారు, పాత చీర గుడ్డలన్నీ ఎవరికో ఇచ్చేశారు. మా ఆయన కార్ఖానాకు పోవడం మొదలుపెట్టాడు. నేను మాత్రం మాట్లాడటం మానేశాను. మొండికేసి మానలేదు. అందరూ దేని గురించి మాట్లాడవద్దన్నారో అది తప్ప నాలో వేరే మాట లేదు. పని చేసేదాన్ని, వడ్డించేదాన్ని, అడిగితే తల ఊపేదాన్ని. అంతకు ముందు నన్ను నోరున్న కోడలని పేరు పెట్టి పిలిచిన గల్లీ అంతా ఇప్పుడు మా గుమ్మం దాటేటప్పుడు గొంతు తగ్గించేది.

నాకు గాలి సోకిందన్నారు. అత్త తాయత్తు కట్టించింది, దర్గాకు తీసుకుపోయి ఊదించింది, నిమ్మకాయలు తిప్పించింది. ఏదీ పని చేయలేదు. ఆమె చెల్లెలు వచ్చి, మూగదాన్ని పెట్టుకుని సంసారమేం చేస్తారు, పుట్టింటికి పంపి కొడుక్కి వేరే పిల్లను చూడండి అని నేను వినేలాగే చెప్పి పోయింది. పుట్టింట్లో నాకు మిగిలింది అన్నలే. మా వదినలు నన్ను రానిచ్చే మనుషులు కారు. ఆషాఢం దాకా చూస్తానంది అత్త. ఆ తరవాత ఏం చేస్తుందో ఆమె చెప్పలేదు, నేను అడగలేకపోయాను. భయంతో నాకు అన్నం దిగేది కాదు, అయినా నోరు తెరుచుకోలేదు.

గాలి పట్టిన ఆడదాన్ని బోనాల నాడు జుట్టు విరబోసి పోతరాజు ముందు కూర్చోబెడతారు. పట్టింది ఎవరో పేరు చెప్పేదాకా వీపు మీద కొరడాతో కొడతారు. పేరు చెబితే గాలి వదిలినట్టు. అత్త ముందు రోజే యాదగిరి మామకు కొబ్బరికాయ ఇచ్చి అడిగింది. నేను అక్కడే గిన్నెలు తోముతున్నాను.

"పేరు జెప్పేదాంక కొట్టు తమ్మీ. నాకేం పగ లేదు దాని మీద. పిల్ల మళ్ళ మాట్లాడాలె, గంతే," అంది. అంటూనే ఏడ్చింది. మా అత్త చెడ్డది కాదని మీకు తెలియాలనే ఈ మాట రాస్తున్నాను. యాదగిరి మామ కొబ్బరికాయ తీసుకున్నాడు గానీ సరేనని అనలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఊరేగింపు మా గల్లీలోకి వచ్చింది. అత్త నా జడ విప్పి, భుజాలు పట్టుకుని గడప ముందు పీట మీద కూర్చోబెట్టింది. చుట్టూ జనం మూగారు. డప్పుల మోతకు నేల అదురుతోంది. నేను తలెత్తలేదు. పసుపు కారుతున్న కాళ్ళు, గజ్జెలు నా ముందుకొచ్చి ఆగాయి. కొరడా లేచిన గాలి నా మెడకు తగిలింది. కళ్ళు మూసుకున్నాను. ఛెళ్ళుమంది, నా ఒంటి మీద ఏమీ పడలేదు. మళ్ళీ ఛెళ్ళుమంది. కళ్ళు తెరిస్తే ఆయన తన చేతినే కొట్టుకుంటున్నాడు. ఒక్కొక్క దెబ్బ భుజం నుంచి వీపు దాకా చుట్టుకుంటోంది. పిల్లను కొట్టు, పిల్లను అని ఎవరో అరిచారు. పేరు అడుగు, పేరు అడుగు అని ఆడవాళ్ళు అందుకున్నారు.

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ముఖం నా చెవి దగ్గరికి తెచ్చాడు. కుంకుమ, చెమట, నెత్తురు కలిసిన వాసన. కళ్ళల్లో పూనకం లేదు. నల్లా దగ్గర బిందె వదిలేసి పోయే మనిషి కళ్ళే అవి.

"బిడ్డకేం పేరనుకున్నవ్?" అని అడిగాడు.

అంతవరకూ ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. కన్న తల్లి బతికుంటే అడిగేదేమో తెలియదు. మా ఆయన అడగలేదు. నాకు తెలియకుండానే నోరు తెరిచి చెప్పాను. చాలా రోజుల తరవాత నా గొంతు నాకే వినబడింది. ఆయన ఆ పేరును ఒకసారి మెల్లగా పలికి, మంచిగున్నది అన్నాడు. అప్పుడు ఏడ్చాను. పీట మీంచి పడిపోయి ఏడ్చాను. ఆయన కొరడాను దండలాగా నా మెడలో వేసి, నా నెత్తిన చెయ్యి పెట్టి లేచాడు.

జనమంతా గాలి పేరు చెప్పి పోయిందనుకున్నారు. అత్త రోడ్డు మీదే ఆయన కాళ్ళకు నీళ్ళు పోసి మొక్కింది. పిల్ల మీద ఒక్క దెబ్బ వేయకుండా ఇదేం పద్ధతని బస్తీ పెద్దలు సణిగారు గానీ, పని అయిందిగా అని ఊరుకున్నారు. ఆ వారమంతా ఆయన స్తంభం ఎక్కలేకపోయాడు. నేను పసుపు, నూనె కాచి తీసుకుపోయాను. మామా, నన్నెందుకు కొట్టలేదు అన్నాను. వాకిట్లో గోడ పక్కన కూర్చుని వాళ్ళ నాన్న సంగతి చెప్పాడు.

"మా బాపును దొర గడిల స్తంభానికి గట్టి కొట్టిండ్రు. వడ్ల బస్త ఎవడు దీసిండో పేరు జెప్పుమన్నరు. మా బాపుకు తెల్వది. దెబ్బలకు ఆగలేక నోటికొచ్చిన పేరు జెప్పిండు. తెల్లారి ఆ మనిషిని దెచ్చి గట్టిండ్రు."

ఆ మనిషి ముఖం చూడలేకే వాళ్ళ నాన్న ఊరు విడిచి ఈ పట్నానికి వచ్చాడట. ఇక్కడ అమ్మవారి ముందు కొరడా పట్టి, బతికినన్నాళ్ళూ ఎక్కువ దెబ్బలు తన వీపు మీదే వేసుకున్నాడట. అడిగి చెయ్యి చాపినవాడికి తప్ప ఎవరికీ ఈరగోల తగలకూడదని కొడుకుతో ఒట్టు వేయించుకున్నాడు.

"నువ్వు చెయ్యి జాపలేదు గద బిడ్డా," అన్నాడు ఆయన.

తరవాత నాకు ఇద్దరు కొడుకులు పుట్టారు. అత్త వాళ్ళను ఎత్తుకుని గల్లీ అంతా తిరిగింది. ఆమె చెల్లెలు మళ్ళీ మా గడప తొక్కలేదు. యాదగిరి మామ మాత్రం ప్రతి బోనాలకూ మా ఇంటి ముందు ఆగేవాడు. నేను చెయ్యి చాపేదాన్ని. మణికట్టు మీద మెత్తగా ఒక దెబ్బ వేసి, వంగి, నాకు మాత్రమే వినబడేలా నా బిడ్డ పేరు చెప్పేవాడు. ఈ యేడు బడికి వోతుండె గదా అనేవాడు. ఇంకో ఏడు, ఇయ్యాల నీ బోనం అదే ఎత్తుకుంటుండె అనేవాడు. దాని వయసు ఆయన ఎన్నడూ తప్పలేదు. ఆ ఒక్క మాట కోసం నేను ఏడాదంతా ఎదురుచూసేదాన్ని. ఊరంతా అమ్మవారి కోసం ఎదురుచూస్తుంటే నేను నా కూతురి కోసం ఎదురుచూసేదాన్ని.

ఎనభైల మధ్యలో ఆయన కామెర్లతో పోయాడు. ఆ ఏడు బోనాలకు వేరే పోతరాజు వచ్చాడు. మంచి పిల్లవాడు, బాగా ఆడాడు. చెయ్యి చాపాను, దెబ్బ వేశాడు. వంగుతాడేమోనని ఒక్క క్షణం అక్కడే నిలబడ్డాను. వెనకాలవాళ్ళు తోశారు. ఇంట్లోకి వచ్చి బాగా ఏడ్చాను.

ఇప్పుడు మా కాలనీలో ఎవరి పసిబిడ్డయినా పోయిందని తెలిస్తే నేను పోతాను. ఏడవకమ్మా అని చెప్పను, మళ్ళీ పుడతారని చెప్పను. పేరేమనుకున్నావని అడుగుతాను. ఒకావిడ నా ముఖం మీదే తలుపు వేసింది. ఇంకొకామె నా చెయ్యి పట్టుకుని సాయంత్రం దాకా వదలలేదు. అడగడం మాత్రం మానలేదు.

అత్త పోయింది, మా ఆయన పోయాడు. కొడుకులకు అక్క ఉండేదన్న సంగతే తెలియదు. యాదగిరి మామ పోయినప్పటి నుంచి ఆ పేరు పలికే నోరు ఈ లోకంలో నాదొక్కటే. నేను కూడా పోతే అదీ ఉండదని ఈ మధ్య దిగులుగా ఉంటోంది. అందుకే మీకు చెబుతున్నాను. స్వరూప. ఒకసారి పైకి చదవండి.