సప్లిమెంటరీ గడి

మా కాలేజీ పరీక్షల విభాగం సూపరింటెండెంట్ జ్ఞానేశ్వరి గారంటే నాకు మొదట్లో ఒళ్లు మండేది. ఏ జాబితా మీదా ఒక పట్టాన సంతకం పెట్టరు. కంప్యూటర్ ఏం చూపించినా సరే, పరీక్ష హాల్లో పిల్లలు సంతకాలు చేసిన కాగితాలు బీరువాలోంచి తీయించి, ఒక్కో పేరూ వేలు పెట్టి చూసుకోవాల్సిందే. విజయవాడ ఎండల్లో ఆ దుమ్ము కట్టలు మోసిన లెక్చరర్లలో నేనూ ఒకణ్ణి.

ఈ ఏడాది డిగ్రీ బంగారు పతకం ఎవరికివ్వాలో తేల్చే కమిటీలో నన్నూ వేశారు. నిబంధన చిన్నదే. అందరికన్నా ఎక్కువ సగటు రావాలి, ప్రతి పేపరూ మొదటిసారే పాసవ్వాలి. సత్యశ్రీకి 9.61, ఉదయభాస్కర్‌కి 9.58. కానీ సత్యశ్రీ మూడో సెమిస్టర్ స్టాటిస్టిక్స్ సప్లిమెంటరీలో పాసైనట్టుంది. పేరు కొట్టేశాం. ఆ అమ్మాయిది బందరు దగ్గర గిలకలదిండి. తల్లి వీరమ్మ చేపలమ్మి చదివించింది. అయ్యో అనుకున్నాను, అంతే. నాకు ఇంటికెళ్లాలని తొందర.

జ్ఞానేశ్వరి గారు మాత్రం ఆ పరీక్ష సంతకాల కాగితం తెప్పించారు. పైనున్న తేదీ మీద వేలు పెట్టి చూసుకున్నారు.

"తప్పు నాదండీ," అన్నారు.

ఆ పరీక్ష రోజున తుపాను. పామర్రు దాటి బస్సులు నడవలేదు. అటునుంచి రావాల్సిన పన్నెండు మందికి పది రోజుల తర్వాత కాలేజీయే విడిగా పరీక్ష పెట్టింది. అది మొదటిసారి కిందే లెక్క. కానీ అప్పటికి కంప్యూటర్లో రెగ్యులర్ గడి మూసేశారు. ఫలితాలు ఆగిపోకూడదని ఈవిడే సప్లిమెంటరీ గడిలో ఎక్కించి, తర్వాత మార్చడం మరిచిపోయారు. విడిగా రాశాం కదా, అలాగే ఉంటుంది కాబోలని పిల్లలూ ఊరుకున్నారు.

ప్రిన్సిపాల్ రామకృష్ణ గారు మెత్తని మనిషి. "రెండు నెలల్లో రిటైరవుతున్నారు. ముప్ఫై ఏళ్ల సర్వీసుకి ఇప్పుడు మచ్చెందుకమ్మా? సాఫ్ట్‌వేర్ పొరపాటని రాసి సత్యశ్రీ ఒక్కదానిదీ సరిచేసేద్దాం," అన్నారు. నేనూ తలూపాను.

"మరి మిగతా పదకొండు మందో సార్? పతకం వచ్చేవాళ్లు కాదు కాబట్టి వాళ్ల గురించి ఎవరూ అడగరు. ఉద్యోగానికి వెళ్లినచోటల్లా ఎందుకు తప్పావంటే ఆ పిల్లలేం చెప్పుకుంటారండీ?"

అక్కడే కూర్చుని, పన్నెండు పేర్లతో, తన పొరపాటేనని రాసిచ్చారు. వారంలో ఆవిడకు సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. చదివి, అందుకున్నట్టు సంతకం పెట్టారు. తలూపినందుకు నాకు సిగ్గేసింది.

పతకం సత్యశ్రీకే ఖాయమైంది. కొత్త మార్కుల జాబితాలు వచ్చాక మిగతా వాళ్లకు ఆవిడే ఫోన్లు చేసి పిలిపించారు. సుస్మిత అనే అమ్మాయి తనది తీసుకుని కౌంటర్ దగ్గర నుంచి కదల్లేదు.

"మేడమ్, ఒక్కసారి మా నాన్నతో మాట్లాడతారా? ఫెయిలై అబద్ధమాడానని రెండేళ్లుగా నా మాటే నమ్మట్లేదు."

జ్ఞానేశ్వరి గారు ఫోన్ అందుకుని లేచి నిలబడ్డారు.

"అయ్యా, మీ అమ్మాయి నిజమే చెప్పిందండీ. అబద్ధం రాసింది నేను."