అక్టోబరుకు స్వరం పెట్టిన మనిషి

మా ఎదురింటి ఘనపాఠి గారు మొన్న తెల్లవారుజామున పోయారు. కొత్తపేటలో మా రెండిళ్లకూ మధ్య ఉన్నది ఒక్క రోడ్డే. అయినా కబురు విన్నాక నేను అది దాటేసరికి బాగా పొద్దెక్కింది.

ఆయన వేదం చెప్పేవారు. నేను హైస్కూల్లో సైన్సు టీచర్ని. తొంభైల చివర్లో మండలాఫీసు నుంచి పాత వానల లెక్కలు తెచ్చి, రంగుల పటం గీసి బడి గోడకు తగిలించాను. రైతులు చూసి, "బాగుందండీ" అని వెళ్లిపోయేవారు. నా ఉక్రోషానికి ఆయన నవ్వారు.

"బొమ్మ బాగానే ఉందమ్మా. చెవిన పడితే ఇంకా నిలుస్తుంది. ఆ లెక్కలు ఇలా పట్రా."

మామూలు కంటే వాన తగ్గిన నెలకు కింది స్వరం, పెరిగిన నెలకు పై స్వరం పెట్టారు. మంత్రం ఒక్క ముక్క కలపలేదు, ఉత్త నెలల పేర్లే. వేదం నేర్చే పిల్లలకు చేసినట్టే మా బడిపిల్లల తల మీద చెయ్యి వేసి, స్వరాన్ని బట్టి వంచుతూ, ఎత్తుతూ నేర్పారు. జూలైని అలా పలికేసరికి పిల్లలు పడీపడీ నవ్వారు. ఆయనా ఆపుకోలేకపోయారు.

వార్షికోత్సవంలో పెడదామన్నది నేను. "మన అరుగు మీద చాలమ్మా, సభలో ఎందుకూ?" అన్నారు. నేను వినలేదు.

ఆ రోజు వేదిక మీద పిల్లలు ఒక్కో ఏడాది నెలలనూ వరసగా స్వరంతో చదువుతూ పోయారు. మొదట్లో కిందే ఉన్న అక్టోబరు రానురాను పైకి లేచింది. ముందు వరసలో ఒక రైతు, "ఆయ్, ఇప్పుడర్థమైందండీ. కోతల ముందే ముంచేత్తోంది. తొందరగా పండే విత్తనం చూసుకోవాలి" అన్నాడు. నేను గాల్లో తేలిపోయాను.

వేదస్వరాన్ని వాన లెక్కలకు దించారని ఊళ్లోని వేదపండితుల్లో పెద్దలు ఆయన్ను తప్పుపట్టారు. ఏటా జరిగే వేదసభకు పిలవడం మానేశారు. బలవంతపెట్టింది నేనని వెళ్లి చెబుతానంటే, "వద్దమ్మా, వాళ్లే తెలుసుకుంటారు" అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని హాయిగా ఊరుకున్నాను. వాళ్ల పిల్లలు నా దగ్గరే చదివేవారు, ఆ గుమ్మాలు నాకు కొత్త కావు. ఆయన వద్దన్నది నా మొహమాటం చూసే అని ఇప్పుడు తెలుస్తోంది. సిగ్గుగా ఉంది.

ఆ తర్వాత కూడా సభ జరిగే రోజున ఆయన పెందలాడే స్నానం చేసి, పట్టుపంచె కట్టుకుని, ఎవరైనా పిలవడానికి వస్తారేమోనని అరుగు మీద కూర్చునేవారు. సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికీ అలాగే ఉండేవారు.

"ఎక్కడికీ లేదమ్మా, ఊరికే కట్టుకున్నాను. ఈ ఏటి లెక్కలు తెచ్చేవా?" అంటూ కొంచెం జరిగి, నాకు పక్కన చోటు చూపించేవారు.