ఎక్కడికని అడగని దేవుడమ్మ

నరసమ్మకి కడుపులో నీరు చేరింది. ఎందుకు చేరిందో స్కానింగులో తేలలేదు. మలేసియాలోని ఇపో ఊరి ఆసుపత్రి డాక్టరు, బొడ్డు దగ్గర వేలిగోరంత రంధ్రం చేసి సన్నటి గొట్టానికి కెమెరా పెట్టి లోపల చూస్తామన్నాడు. పక్కన ఇంకో చిన్న రంధ్రంలోంచి బుల్లి పట్టకారు పంపి, అనుమానమున్న చోట మినపగింజంత కండ తీస్తారట. సాయంత్రానికి ఇంటికి పోవచ్చు.

"తీసుకెళ్ళడానికీ, రాత్రి తోడు పడుకోడానికీ మనిషుండాలమ్మా. లేకపోతే చెయ్యరు" అంది నర్సు యోగేశ్వరి, తమిళంలో.

నరసమ్మ తలూపేసింది. వచ్చేదెవరు? మొగుడు పోయాడు, పిల్లలు లేరు. పనిచేసిన రబ్బరు తోట మూతపడ్డాక అయినవాళ్ళు తలో దిక్కూ పోయారు. సుంగై సిపుట్ ఊళ్ళో మిగిలింది పక్కింటి దేవుడమ్మ. అడిగితే కాదనే మనిషి కాదు. కానీ మా తెలుగువాళ్ళు ప్రాణం పోతున్నా సాయం అడగరు, ఎదుటివాళ్ళే కనిపెట్టాలి. ఈ రోగానికి ఏ ఆసుపత్రిలోనూ మందు లేదు.

ఆ ఉదయం సంచి పట్టుకుని గేటు దగ్గర కావాలనే నిలబడింది. చెప్పులు తొడిగింది, విప్పింది, మళ్ళీ తొడిగింది. గుమ్మం కడుగుతున్న దేవుడమ్మ తలెత్తి సంచి కేసి చూసింది. ఎక్కడికని ఒక్క మాట అడుగుతుందని నరసమ్మ ఆశ.

"మంచిది, ఎల్లిరా వదినా" అని మళ్ళీ చీపురందుకుంది దేవుడమ్మ.

నరసమ్మ టాక్సీలో దారంతా ఏడ్చింది. చచ్చినా చూసే దిక్కు లేదనుకుంది.

ఆసుపత్రి గౌను వేసుకున్నాక యోగేశ్వరి మళ్ళీ అడిగింది, ఎవరొస్తున్నారని.

"ఎవరూ లేరమ్మా. ఇంటికి పోతాను."

యోగేశ్వరి ఆమె ఫోను తీసుకుని, ఎక్కువసార్లు కనిపించిన పేరుకి కొట్టింది. కాసేపటికి దేవుడమ్మ తడి చీర కుచ్చెళ్ళతోనే వచ్చి మంచం పక్కన నిలబడింది. మొహం కందగడ్డలా ఉంది.

"ఆపరేసనంటే సెప్పొద్దా? నానేటి పరాయిదాన్నా?"

"నువ్వు అడగలేదు."

"బయలెల్లిన మనిసిని ఎక్కడికని అడిగితే సెడు జరుగుతాదని మాయమ్మ సెప్పింది. నీకు మంచి జరగాలనే నోరు మూసుకున్నాను."

నరసమ్మకి అప్పుడు గుర్తొచ్చింది. ఆ మాట తన అమ్మా చెప్పిందే. దేవుడమ్మ చెయ్యి పట్టుకుంది.

"జరిగితే జరగనీ వదినా. ఇంకోపాలి బయలెల్తే ఎక్కడికని అడుగు."