మూడో గుండీకి ఎర్రదారం

మా బంధువులంతా మా అత్తను ‘ఓడత్త’ అంటారు. చాటున అంటారు. నేను మాత్రం ఎదురుగానే, గర్వంగా అంటాను. ఆవిడ ఓడెక్కింది జన్మలో ఒకే ఒక్కసారి, అదీ ఏడు రోజులు. నేల మీద గడిపిన మిగతా ఏళ్ళ సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు.

వాళ్ళు చెప్పుకునే కథ ఇది: మంచం పట్టిన తల్లిని గాలికొదిలేసి, టీవీ సీరియల్ పిచ్చోళ్ళతో కలిసి, వేషం కట్టి, ఓడలో చిందులేయడానికి పోయింది. ఇందులో ఓడ నిజం, వేషం నిజం. చిందులు కూడా కొంత నిజమేనని అత్తే ఒప్పుకుంది. మొదటి ముక్క మాత్రం పచ్చి అబద్ధం. ఆ అబద్ధం వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి కాబట్టి ఇది రాస్తున్నాను.

అత్త మా నాన్నకు అక్క. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే ‘కొలతలు కుదర్లేదు’ అనేది. స్టేషన్ ఎదురు సందులో ఉన్న ఆల్టరేషన్ల దుకాణంలో పనిచేసేది. అక్కడ కొత్త బట్టలు కుట్టరు. ఎవరో పాడుచేసినవి బాగుచేస్తారు. ప్యాంట్ల పొడవు తగ్గించడం, నడుము వదులు చేయడం, తెగిన జిప్పులు మార్చడం, ఇదే పని. గుడ్డ చిరగకుండా కుట్లు విప్పడంలో అత్తను మించినవాళ్ళు లేరు. దారిన పోయే మనిషిని చూసి ‘ఆయన ఎడమ భుజం అరంగుళం కిందికుంది, పాపం కోటు కుట్టినవాడు చూసుకోలేదు’ అనేసేది. వంకర కుట్టు కనిపిస్తే ఆవిడ చేతులు ఊరుకునేవి కావు. పక్కింటావిడ మాట్లాడుతుంటే ఆవిడ జాకెట్టు అంచు మడిచి చూసిన మనిషి మా అత్త.

మా ఇంటి వెనకగదిలో ఒక గోడకు నానమ్మ మంచం, రెండో గోడకు అత్త కుట్టుమిషను, మధ్యలో చిన్న టీవీ ఉండేవి. నానమ్మకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది కాబట్టి, అప్పటినుంచి ఆవిడకు స్నానం, తిండి, మందులు అన్నీ అత్తే. మధ్యాహ్నం దుకాణం నుంచి పరుగున వచ్చి నానమ్మను పక్కకు తిప్పి, వీపుకి పౌడరు రాసి, మళ్ళీ పరుగున పోయేది. అన్నేళ్ళలో నానమ్మ వీపు మీద ఒక్క పుండు లేచింది లేదు. డాక్టరు వచ్చినప్పుడల్లా ఆ సంగతి చెప్పి మెచ్చుకునేవాడు. ఎవరితో? నాన్నతో. నాన్న చేతులు కట్టుకుని ‘ఏదో చేస్తున్నామండీ’ అనేవాడు. ఆ ‘చేస్తున్నాం’ వింటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇక సీరియల్. ప్రతి గురువారం సాయంత్రం ఏడింటికి వచ్చేది. చిరునామా తప్పుగా రాసిన ఉత్తరాలను అసలు మనుషుల దగ్గరికి చేర్చే ఒక పోస్టుమనిషి కథ. ఆమె ఖాకీ కోటుకి ఆరు గుండీలు. అయిదు ఖాకీ దారంతో కుట్టినవి, మూడోది మాత్రం ఎర్రదారంతో. పద్నాలుగేళ్ళు నడిచినా ఆ ఎర్రదారం ఎందుకో సీరియల్‌లో ఎవరూ చెప్పలేదు. చెప్పకపోతే అభిమానులు ఊరుకుంటారా? తప్పిపోయిన చెల్లెలి గౌనులోని దారం అని ఒక వర్గం. ఆమె పంచిన మొదటి ఉత్తరానికి కట్టిన దారం అని ఇంకో వర్గం. అభిమానుల సంఘం పత్రికలో దీని మీద పేజీలకు పేజీలు కొట్టుకునేవాళ్ళు.

నానమ్మ, అత్త మొదటి భాగం నుంచీ చూసినవాళ్ళే. నానమ్మ మంచం పట్టకముందు సోఫాలో కూర్చుని చూసేవాళ్ళు, తర్వాత మంచం దగ్గర. అత్త తీర్పు ఒక్కటే: “కథా లేదు కాకరకాయా లేదు. ఎవరో హడావుడిలో సూదిలో ఏ దారముంటే దాంతో కుట్టేశారు. చూడు, నాలుగు కన్నాలుంటే రెండిట్లోంచే పోయింది.” ఇదే పత్రికకు రాస్తే, అభిమానం లేనివాళ్ళు సంఘంలో ఎందుకని తిట్టిపోశారు. ఆ తిట్లు నానమ్మకు చదివి వినిపించి ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు.

ఆ సంఘమే ఓడ ప్రయాణం పెట్టింది. ఏడు రోజులు, ఆరొందల మంది అభిమానులు, అందులో ఆ ఖాకీ కోటు ఎవరు బాగా కుట్టుకొచ్చారో పోటీ. అత్త ఏడాది ముందే నాన్న చెవిన వేసింది. నాన్న ఫోనులోంచి తలెత్తకుండా ‘చూద్దాంలే అక్కా’ అన్నాడు. మా ఇంట్లో చూద్దాంలే అంటే వద్దని అర్థం. అత్త ఔననే తీసుకుంది. తెలియక కాదు, తెలిసే.

కోటు తనే కుట్టుకుంది. ఎర్ర గుండీ దగ్గరికి వచ్చేసరికి నానమ్మ మంచం మీంచి చెయ్యి చాపింది.

“మూడోది నేను కుడతా, ఇటివ్వు.”

సూదిలో దారం నేనెక్కించాను. అత్త గుడ్డను బిగించి పట్టుకుంది. నానమ్మ కుడిచేత్తో ఒక్కో పోటే పొడుస్తూ కుట్టడానికి గంట పట్టింది. దారం రెండు కన్నాల్లోంచే పోయింది, వెనకవైపు ముద్దగా చిక్కుపడింది. వంకర కుట్టు చూస్తే నిద్రపట్టని మనిషి కదా, రాత్రికి విప్పేస్తుందనుకున్నాను.

“విప్పి మళ్ళీ కుట్టవా అత్తా?”

“ముయ్యి నోరు,” అంది అత్త.

ప్రయాణం మూడు వారాలుందనగా నాన్నకు విషయం అర్థమైంది. సరిగ్గా అదే వారం ఆయన స్నేహితులతో కలిసి కొండమీద కాటేజీ తీసుకున్నాడు. వాళ్ళది విహారమట, ఈవిడది వేషాలట. ఇంతెత్తున లేచాడు.

“ఈ వయసులో నీకు ఓడేంటక్కా? అమ్మనెవరు చూస్తారు?”

“అమ్మకి ఇద్దరం పిల్లలం. నేను వెళ్తే ఇంకొకడు మిగులుతాడు.”

“వేషమేసుకుని వాళ్ళతో గంతులేస్తావా? నలుగురూ ఏమనుకుంటారు?”

“ఏమనుకుంటార్రా? ఆరొందల మందీ వేషమేసుకునే వస్తున్నారు.”

వెనకగదిలోంచి నానమ్మ అరిచింది: “పోనీరా దాన్ని! వచ్చి నాకు చెప్తుంది!” ఎవరూ పట్టించుకోలేదు. మంచం పట్టిన మనిషి గురించి అందరూ మాట్లాడతారు, ఆ మనిషితో మాట్లాడరు.

నేను అప్పుడే బ్యాంకులో ఉద్యోగంలో చేరాను. సెలవు పెట్టి నానమ్మను చూసుకుంటానన్నాను. అత్త ససేమిరా అంది. “నువ్వు చేస్తే వాడికేం తెలుస్తుంది?” అంది. ప్రయాణం ముందురోజు మందుల వేళలు, పక్కకు తిప్పే వేళలు, గంజి ఎంత పల్చగా ఉండాలో, అన్నీ పెద్దక్షరాలతో రాసి గోడకంటించింది. చివరి వరుస: గురువారం ఏడింటికి టీవీ పెట్టాలి, మధ్యలో మాట్లాడకూడదు. మర్నాడు పొద్దున్నే పెట్టె పట్టుకుని వెళ్ళిపోయింది. నాన్న మొహం మాడ్చుకుని గుమ్మంలో నిలబడ్డాడు. టాటా చెప్పడానికి నేనొక్కదాన్నే వీధిలోకి వెళ్ళాను.

ఓడ సంగతులు అత్త ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు. కిటికీ లేని గదిలో ఒక సిటీ బస్సు డ్రైవరమ్మతో కలిసి పడక. మొదటి రెండు రోజులూ వాంతులు. ‘బస్సులో నా వెనక కూర్చున్నవాళ్ళ బాధ ఇప్పుడు తెలిసొచ్చింది’ అని డ్రైవరమ్మ లెంపలేసుకుందట.

ఆ సంఘంలో ఒక పద్ధతి ఉంది. పేరు అడగరు, ఉద్యోగం అడగరు, పిల్లలెందరని అడగరు. ‘ఎన్నో భాగం నుంచి?’ అని అడుగుతారు. హాల్లో కుర్చీలు కూడా దాని ప్రకారమే వేస్తారు. మొదటి భాగం నుంచి చూసినవాళ్ళకు ముందు వరుస. ఆరొందల మందిలో అలాంటివాళ్ళు పదకొండు మందే తేలారు. అత్తను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ముందు కూర్చోబెట్టారు. మా ఇంటి ఫొటోలు వెతికి చూడండి, అత్త ఒక్కదాంట్లోనూ ఉండదు. తీసేది ఆవిడే కదా.

“కుర్చీలో కూర్చున్నానే, ఎందుకో ఏడుపొచ్చేసింది. పక్కావిడ కూడా ఏడుస్తోంది. ఎందుకని ఒకరినొకరం అడగలేదు,” అంది ఒకసారి.

అయిదో రోజు కోటు పోటీ. న్యాయనిర్ణేతగా వచ్చింది నటి కాదు, సీరియల్‌కి అసలు కోటు కుట్టిన దర్జీ. నడుం వంగిపోయిన ముసలాయన. ఆరొందల మందీ మూడో గుండీని ప్రాణం పెట్టి కుట్టుకొచ్చారు. పట్టుదారంతో కొందరు, పువ్వులా అల్లి కొందరు. ఏ కుట్టు చూసినా ముద్దొస్తోందని అత్తే అంది. ముసలాయన అందరినీ చూసుకుంటూ వచ్చి అత్త దగ్గర ఆగాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. కోటు అంచు తిప్పి వెనక ముడి చూశాడు.

“ఎవరు కుట్టారమ్మా ఇది?”

“మా అమ్మండీ. ఒంటిచేత్తో.”

“నేనూ ఒంటిచేత్తోనే కుట్టాను. ఆ రోజు నా ఎడమ చేతికి కట్టుంది. అవతల షూటింగ్ మొదలైపోతోంది, సూదిలో ఎర్రదారముంది, కుట్టేశాను. అంతే.”

పద్నాలుగేళ్ళ వాదనలు ఒక్క మాటతో కొట్టుకుపోయాయి. అప్పుడు చెల్లెలి గౌను వర్గానికి చెందిన ఒక రిటైర్డు టీచరు లేచి, “మీరు కుట్టారు, సరే. ఎందుకు కుట్టారో మీకేం తెలుసండీ?” అని ఆయన్నే నిలదీశాడట. ఓడ దిగేదాకా ఆ గొడవ తెగలేదు.

మొదటి బహుమతి అత్తకే. ప్రశంసాపత్రం మీద పేరు రాయబోతుంటే ఆపి, “మా అమ్మ పేరు రాయండి” అంది. దాన్ని తెచ్చి నానమ్మ మంచం పైన గోడకు తగిలించింది. నానమ్మ ఆ రోజంతా దాన్నే చూస్తూ పడుకుంది.

ఆ ఏడు రోజులూ మా ఇంట్లో ఏమైంది? ఏమీ కాలేదు. నానమ్మకు జ్వరం కూడా రాలేదు. నాన్న కొండమీదకి పోలేదు, గోడమీద కాగితం చూసి అన్నీ చేశాడు, బాగానే చేశాడు. రెండో రోజుకి ఆయన నడుం పట్టేసింది. గురువారం మధ్యలో మాట్లాడి నానమ్మ చేత తిట్లు తిన్నాడు. అంతే జరిగింది.

కానీ అత్త ఓడ దిగేసరికి గోరంత కొండంత అయిపోయింది. ‘పాపం వాడొక్కడే ఏడు రోజులు తల్లికి సేవ చేశాడు’ అని బంధువులు ఫోన్లు చేసి మరీ మెచ్చుకున్నారు. కొడుకు ఏడు రోజులు చేస్తే సేవ. కూతురు ఏళ్ళ తరబడి చేస్తే ఏమీ కాదు. ఎవరింటికెళ్ళినా ఎవరో ఒకరు ‘ఓడ బాగుందా?’ అని నవ్వుతూ పొడిచేవాళ్ళు. తప్పయిందని ఒక్కమాట అనెయ్యక్కా, నోళ్ళు మూతపడతాయి అని నాన్న కూడా అన్నాడు. అత్త అనలేదు. “బాగుంది, మళ్ళీ పెడితే మళ్ళీ వెళ్తా” అనేది. లోపల మాత్రం అమ్మను వదిలేసిన కూతురనే మాట ఆవిడను కోసేసేది. నాకు తెలుసు.

ఆ తర్వాత నాలుగేళ్ళు బతికింది నానమ్మ. మొత్తం పదకొండేళ్ళు మంచం మీదే. ఒక ఉదయం అత్త తల దువ్వుతుంటే ఆ చేతుల్లోనే పోయింది.

ఏడాది తిరిగాక నాన్న బంధువులందరినీ ఇంటికి పిలిచాడు. ముందుగదిలో కుర్చీలు వేశాం. నాన్న ముందు వరుసలోంచి లేచి, నానమ్మ గురించి రాసుకున్న కాగితం తీసి చదవడం మొదలుపెట్టాడు. అత్త టీ కప్పుల పళ్ళెంతో గుమ్మంలో నిలబడి ఉంది.

“...పదకొండేళ్ళు అమ్మను కళ్ళల్లో పెట్టుకుని చూసుకున్నాం. ఒక్క వారం తప్ప, ఆవిణ్ణి ఏనాడూ ఒంటరిగా వదల్లేదు.”

తలలన్నీ గుమ్మంవైపు తిరిగాయి. అత్త వచ్చి పళ్ళెం బల్లమీద పెట్టింది.

“ఆ వారం అమ్మ దగ్గర ఎవరున్నార్రా?”

“నేనే కదక్కా.”

“ఏడు రోజులూ?”

“ఏడు రోజులూ నేనే. అందరికీ తెలుసు కదా!”

“మరి ఒంటరిగా ఎలా ఉందిరా? నువ్వు పక్కనుంటే అమ్మ ఒంటరిగా ఉన్నట్టేనా?”

నాన్న కాగితం వంక చూశాడు, మా వంక చూశాడు. ఎవరూ ఆదుకోలేదు. నిజానికి ఆయన ఆ వాక్యం కావాలని రాయలేదు, అందరూ అనేదే రాశాడు. నాకు అదే ఇంకా ఎక్కువ మండింది. నా సంచిలోంచి పెన్ను తీసి ఆయనకిచ్చాను.

“కొట్టేసి రాయి,” అంది అత్త. “పదకొండేళ్ళు అక్క చూసింది, ఒక వారం నేను చూశాను. అంతే. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు.”

నాన్న నిలబడే, గోడకు కాగితం ఆనించి రాశాడు. అందరివైపు తిరిగాడు. దిద్దిన వాక్యం చదివాడు. అక్క అన్న చోట ఆగి, మళ్ళీ చదివాడు.

ఆయన లేచిన కుర్చీ ముందు వరుసలో ఖాళీగా ఉంది. అత్త వెళ్ళి అందులో కూర్చుంది. వెనకనుంచి మా పెద్దమ్మ, “టీ చల్లారిపోతోంది, ఎవరైనా ఇవ్వండమ్మా” అని గొణిగింది.

అత్త వెనక్కి తిరగలేదు.

“వచ్చి తీసుకోండి. మీకు రెండేసి చేతులున్నాయిగా,” అంది.